చచ్చినవాడి సంతకం

ఏడో దొర పిస్తోలు దించేసరికి పింగ్ బాబాయ్ అప్పటికే చచ్చి పడున్నాడు.

గోడౌను గచ్చు మీద ఎడమ పక్కకి ఒరిగి, కుడిచెయ్యి పొట్ట కింద మడిచి, నోరు కాస్త తెరిచి పడుకున్నాడు. చూసేవాళ్ళకి అది ఒట్టి పడుకోవడమే. పని తెలిసినవాళ్ళకి అందులో ఎంత చాకిరీ ఉందో తెలుస్తుంది. చెయ్యి పొట్ట కింద మడిస్తే ఊపిరి తీసినప్పుడు చొక్కా లేవదు. నోరు మూసుకుంటే ముక్కుపుటాలు అదురుతాయి, అందుకని పెదాలు విడిగా ఉంచాలి. కళ్ళు తెరుచుకుని చావమంటే కెమెరా తిరిగేముందు రెప్పలు గట్టిగా బిగబట్టి నీళ్ళు ఊరనివ్వాలి. ముప్పై ఏళ్ళుగా పింగ్ బాబాయ్‌కి ఇదే కూడు. తూటాకి, కత్తికి, లారీకి, సముద్రానికి, అన్నిటికీ చచ్చాడు. హాంకాంగ్‌లో ఆయన చావని వీధి లేదు.

"కట్" అన్న కేక వినపడగానే ఏడో దొర మొహం మీది కర్కశత్వం జారిపోయి, లోపలినుంచి పూన్ వింగ్‌సాంగ్ మొహం బయటపడింది. టీవీలో ఏడో దొర అంటే మాటలా. ఓడలకి ఓడలు తెల్లపొడి దాటించేవాడు, నమ్మినవాణ్ణి నవ్వుతూ కాల్చేవాడు. వింగ్‌సాంగ్ మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. టీలో పంచదార ఎక్కువైందని చెప్పలేక గ్లాసు మొత్తం తాగేసే రకం. యాభై ఏడో ఏట ఇంత పెద్ద వేషం దొరికితే, ఇది వేరెవరికో రావలసింది పొరపాటున తనకొచ్చిందని ఇప్పటికీ లోలోపల భయపడుతూనే ఉన్నాడు.

పింగ్ బాబాయ్ లేవలేదు. లేవకూడదు కూడా. చచ్చే వేషం వేసినవాడి చేతిలో, లేవకముందే, టీవీ స్టేషన్ వాళ్ళు ఒక ఎర్ర కవరు పెట్టాలి. అందులో ఎంతుందని ఎవరూ చూడరు. చావు దోషం అక్కడికక్కడ తెగిపోవాలి, ఆ డబ్బు ఇంటి గడప తొక్కకముందే ఖర్చయిపోవాలి, అంతే. చచ్చినవాడు మాత్రం నోరు తెరిచి అడక్కూడదు. అడిగితే చావుని చేతులారా పిలిచినట్టే. అందుకే బాబాయ్ పొట్ట కింది చెయ్యి తీసి, అరచెయ్యి పైకి పెట్టి, కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు.

ఫ్లోర్ మేనేజరు వచ్చి ఆ చేతిని చూసి, గడియారం చూసుకున్నాడు.

"లే బాబాయ్. కవర్లు ఇప్పుడు లేవు. కొత్త పద్ధతి వచ్చింది."

"ఏం పద్ధతి?" అన్నాడు వింగ్‌సాంగ్, తనకే సరిగా వినపడనంత మెల్లగా.

"నాకేం తెలుసు సార్. ఆఫీసు కాగితం. పక్క సెట్లో మూడు నెల్లుగా ఇదే వరస." అంటూ అతను తర్వాతి షాట్‌కి కేబుళ్ళు లాగించడానికి వెళ్ళిపోయాడు.

పింగ్ బాబాయ్ ఇంకో నిమిషం అలాగే ఉన్నాడు. తర్వాత ఎవరూ లేపకుండానే, మోకాలి మీద చెయ్యి వేసుకుని, తనంతట తనే లేచాడు.

పంపు దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడి రంగు కడుక్కున్నారు. జిగురు నెత్తురు సబ్బుకి ఒక పట్టాన లొంగదు, గోళ్ళతో గీరాలి.

"సోమవారం నేను వెళ్ళట్లేదు" అన్నాడు బాబాయ్.

ఆ సంగతి స్టేషన్ మొత్తం మీద వింగ్‌సాంగ్ ఒక్కడికే తెలుసు. బాబాయ్ గుండెలో ఒక కవాటం చెడింది. ప్రభుత్వ ఆసుపత్రి వరసలో పద్నాలుగు నెలలు కాచుకున్నాక ఇప్పటికి పిలుపొచ్చింది. సోమవారం పొద్దున ఏడింటికి చేరాలి, మంగళవారం ఆపరేషన్.

"కవరు ఇవ్వలేదనా?" అన్నాడు వింగ్‌సాంగ్. "దానికేముంది, నేనిస్తాను. నిన్ను కాల్చింది నేనేగా."

"నువ్వా కాల్చింది?" బాబాయ్ నవ్వాడు. "తుపాకీ స్టేషన్‌ది, తూటా స్టేషన్‌ది. కాల్చమని అరిచింది స్టేషన్. నువ్వొట్టి వేలివిరా అబ్బాయ్. చంపినవాళ్ళే ఇవ్వాలి."

చెప్పి, చేతులు దులుపుకుని, బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు. వింగ్‌సాంగ్ పంపు కట్టేయడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు.

శుక్రవారం పొద్దున టో క్వా వాన్ బజారులో చేపలావిడ అతని మొహాన నీళ్ళు చల్లినంత పని చేసింది. ప్రతి వారం ఉండేదే. ముందురోజు టీవీలో వచ్చిన భాగం చూసి, మర్నాడు ఏడో దొర పాపాలన్నీ వింగ్‌సాంగ్ నెత్తిన పెట్టి తిడుతుంది.

"ఆ ముసలాయన నీకేం ద్రోహం చేశాడయ్యా? ఇరవై ఏళ్ళు నీకు కారు తలుపు తీసినవాణ్ణి రోడ్డు మీదికి తోసేస్తావా?"

"కథ అట్లా రాశారమ్మా."

"రాస్తే మాత్రం. కాదనలేవూ? నోరుందిగా." ఆవిడ చేప తోక పట్టుకుని కాటాలో పడేసింది. "ఎప్పుడు చస్తావు?"

"రేపే."

"పోన్లే. నాలుగు రోజులు హాయిగా నిద్రపోతాను" అంటూ రెండు ఉల్లికాడలు కొసరు వేసింది.

నోరుందిగా అన్న మాట పట్టుకుని అతను బస్సెక్కాడు. స్టేషన్‌కి వెళ్ళేదాకా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు. ఇలా మొదలుపెట్టాలి, ఆవిడ ఇలా అంటే అలా అనాలి. లిఫ్టులో ఎవరూ లేకపోతే ఒకసారి పైకే అనుకున్నాడు కూడా, బాగానే వచ్చింది.

ప్రొడ్యూసరు యిప్ మేడమ్‌కి నలభై దాటలేదు. మంచి మనిషే. ఎవరినీ గట్టిగా ఒక మాట అనదు, లెక్కల దగ్గర మాత్రం వెంట్రుకవాసి వదలదు. టేబుల్ మీద ఆవిడ ముందే వింగ్‌సాంగ్ వచ్చే ఏటి కాంట్రాక్టు ఫైలుంది. దాని మీద అతని పేరు చూడగానే, బస్సులో కూర్చిన మాటల్లో సగం ఆవిరైపోయాయి.

"ఎర్ర కవర్ల సంగతి..." అన్నాడు, ఆవిడ తెప్పించిన టీ గ్లాసు పట్టుకుని.

"ఓ, అదా. ఆపలేదండీ ఎవరూ." ఆవిడ సొరుగులోంచి ఒక కాగితం తీసి చదివింది. "'మృతిచెందిన పాత్రధారి కోరిన పక్షమున, సదరు పాత్రధారి స్వయముగా సంతకము చేసిన విజ్ఞప్తిపై చెల్లించవలెను.' ఆడిట్ వాళ్ళకి కాగితం కావాలి కదా మరి. మూడు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారుగా. అంటే ఎవరికీ అక్కర్లేదనే కదండీ."

అడగకూడదు మేడమ్, చచ్చినవాడు అడగనే కూడదు, అని చెప్పాలి. నాలుక చివర దాకా వచ్చింది. ఆవిడ కలం కాంట్రాక్టు ఫైలు మీద టకటకా కొట్టుకుంటోంది.

"టీ బాగుంది" అన్నాడు వింగ్‌సాంగ్.

"మీ కాంట్రాక్టు సోమవారం కూర్చుని మాట్లాడుకుందాం. పదింటికి రండి." ఆవిడ విజ్ఞప్తి కాగితం ఒకటి అతని చేతిలో పెట్టింది. "ఎవరికైనా కావాలంటే ఇది ఇవ్వండి."

లిఫ్టు అద్దంలో తన మొహం చూసుకోవడానికి అతనికి సిగ్గేసింది. నిలువెత్తు మనుషుల్ని చూపుతో కూల్చే ఏడో దొరట, టీ బాగుందని చెప్పి వచ్చాడు.

పింగ్ బాబాయ్ షామ్ షుయ్ పో పేటలో, ఐదో అంతస్తులో, ఒక గదిలో ఒంటరిగా ఉంటాడు. మెట్లెక్కి వెళ్ళేసరికి స్టవ్ మీద గంజి ఉడుకుతోంది. ఆసుపత్రికని పదిరోజుల క్రితమే సర్దుకున్న సంచి మంచం మీద ఖాళీగా పడుంది. అందులోని తువ్వాలు కిటికీకి ఆరేసి ఉంది. ఆసుపత్రి ఉత్తరం మీద వేడి గిన్నె పెట్టాడు.

వింగ్‌సాంగ్ కాగితం చాపాడు. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని చేత్తో ముట్టకుండా, దూరం నుంచే చదివాడు.

"నా చావుకి నేనే అర్జీ పెట్టుకోవాలా?"

"ఉత్తి సంతకమే బాబాయ్."

"ముప్పై ఏళ్ళలో ఒక్కసారి అడగలేదు. ఆ కాయితం నా గుమ్మం లోపలికి తేకు, బయట పెట్టిరా."

వింగ్‌సాంగ్ దాన్ని మెట్ల మీద పెట్టి, మీద చెప్పు బరువుంచి వచ్చాడు. బాబాయ్ రెండు గిన్నెల్లో గంజి పోశాడు. కాసేపు ఇద్దరూ ఊదుకుంటూ తాగారు.

"సోమవారం తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారు?"

"మళ్ళీ వరస చివరికి పోవాలి. పద్నాలుగు నెల్లు, ఇంకా ఎక్కువో."

"డాక్టరేమన్నాడు?"

"అంత టైము లేదన్నాడు."

"మరి?"

బాబాయ్ గరిటెతో గిన్నె అడుగు గీకాడు. "గురువారం చచ్చాను. నన్నెవరూ లేపలేదు. మంగళవారం ఆ బల్ల మీద పడుకోబెట్టి మత్తిస్తారు. అక్కడ మాత్రం లేస్తానని నీకెవరు చెప్పారు?"

మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యడానికి వింగ్‌సాంగ్‌కి మనసొప్పలేదు. అతను కూడా ఇరవైసార్లు చచ్చినవాడే, ఇరవై కవర్లు తీసుకున్నవాడే. గంజి గిన్నె పక్కన పెట్టేశాడు.

శనివారం లే యూ మున్ రేవులో ఏడో దొర చావు. మధ్యాహ్నం నుంచి ఏర్పాట్లే సరిపోయాయి. చొక్కా కింద తోలు పలక కట్టి, దాని మీద చిన్న మందుగుళ్ళు, వాటి మీద నెత్తురు తిత్తులు అంటించారు. తీగ లాగు కాలిలోంచి దిగి మడమ దగ్గర బయటికొస్తుంది. నడిచేటప్పుడు అది తొక్కకుండా చూసుకోవాలి. ముందు అనుచరులు ఎనిమిది మంది చస్తారు, ఆఖరున దొర. వాళ్ళు చచ్చాక పోలీసు పడవ వచ్చి ఖాళీ రేవుకి ఆనుకోవాలి, ఇన్‌స్పెక్టరు దిగి ఒంటరిగా నడవాలి. దానికి పొద్దు వాలే వేళ వెలుతురు కావాలి. ఆ వెలుతురు ఇరవై నిమిషాలకి మించి ఉండదు.

పింగ్ బాబాయ్ వచ్చాడు. చావడానికి కాదు, దూరంగా కూర్చుని వల అల్లే జాలరి వేషానికి ముందే పేరు రాయించుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది. రెండడుగులు వేసి ఒకసారి ఆగుతున్నాడు. మేకప్ అమ్మాయి రంగు వెయ్యబోయి, ఇంకేం వెయ్యక్కర్లేదని వదిలేసింది.

ఐదూ నలభైకి తుపాకులు పేలాయి. ఒక్కొక్కరే కూలారు. గుండెల మీద మూడు తిత్తులు వరసగా పగిలి, వింగ్‌సాంగ్ మోకాళ్ళ మీదికి, అక్కణ్ణుంచి వెల్లకిలా పడ్డాడు. ఆకాశం నారింజ రంగులో ఉంది. ఊపిరి బిగబట్టి ఇరవై లెక్కపెట్టాడు.

"కట్. ఓకే. సూపర్ సార్. అందరూ లేవండి, రేవు ఖాళీ చెయ్యాలి, పడవ రావాలి."

లేద్దామనే అనుకున్నాడు. ఒట్టు, అతని మనసులో వేరే ఆలోచనేమీ లేదు. మోచెయ్యి ఆనించి తల ఎత్తబోయాడు, అప్పుడు గుర్తొచ్చింది, తననీ ఎవరూ లేపలేదని. గోడౌనులో మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచిన ముసలి మనిషి కళ్ళముందు మెదిలాడు. వింగ్‌సాంగ్‌కి నిజంగానే భయమేసింది. అది ధైర్యమని తర్వాత చాలామంది అన్నారు గానీ ధైర్యం కాదు, శుద్ధ భయం. తల మళ్ళీ గచ్చుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఫ్లోర్ మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "దెబ్బేమైనా తగిలిందా సార్?"

"లేదు."

"మరి లేవండి. వెలుతురు పోతోంది."

"లేపితే లేస్తాను."

అది ఏడో దొర గొంతు కాదు. టీ బాగుందన్న గొంతే. కానీ రేవులో అప్పుడు గాలి లేదు, అందరికీ వినపడింది. మోకాళ్ళ మీద లేచి బట్టలు దులుపుకుంటున్న అనుచరుడొకడు ఆగి, అటూ ఇటూ చూసి, పడిన చోటే మళ్ళీ పడుకున్నాడు. రెండోవాడూ పడుకున్నాడు. టీ గ్లాసు దాకా వెళ్ళిపోయినవాడు వెనక్కొచ్చి, తన నెత్తుటి మరక ఎక్కడుందో వెతుక్కుని మరీ పడుకున్నాడు. పడవ నడిపే మనిషి ఇంజను ఆపేశాడు.

"శవాలుండగా నేను రేవుకి ఆనించను. రేపు పొద్దున నేను చేపలకి పోవాలి."

యిప్ మేడమ్ ఎత్తు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. తొమ్మిది మంది పడున్నారు, ఎవరూ కదలట్లేదు. ఆవిడకి కోపం రావలసింది, వచ్చింది కూడా, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. వింగ్‌సాంగ్ పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏమిటండీ ఇది? కవరు కావాలంటే నిన్ననే అడగొచ్చుగా."

"అడగను మేడమ్. చచ్చినవాడు అడక్కూడదు. చంపినవాళ్ళే తెచ్చి చేతిలో పెట్టి లేపాలి. ఈ తొమ్మిది మందిలో ఎవర్నైనా అడగండి, చస్తే అడగరు."

"ఆడిట్‌కి సంతకం కావాలండీ. నేనేం చెయ్యను?"

వింగ్‌సాంగ్ ఒక కన్ను తెరిచాడు. "చచ్చినవాడు సంతకం పెడితే ఆడిట్ వాళ్ళు మాత్రం ఒప్పుకుంటారా?"

ఎనిమిది శవాల్లో ఒకటి కిసుక్కుమంది. యిప్ మేడమ్ పెదవి బిగబట్టింది, అయినా ఆగలేదు, తల వంచుకుని నవ్వేసింది. తర్వాత పడున్నవాళ్ళని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆవిడ గొంతు మారింది.

"మూడు నెలల్లో ఎంతమందిని చంపాం మనం?" అని ఫ్లోర్ మేనేజర్ని అడిగింది.

"వీళ్ళు కాక మన సీరియల్లో ఒక్కరే మేడమ్, గురువారం. మిగతావి పక్క సీరియళ్ళు."

"ఒక్కరూ నాకు చెప్పలేదు."

"పిల్లి మెడలో గంట ఎవరు కడతారు మేడమ్" అన్నాడతను, నేల చూస్తూ.

ఆవిడ కాగితం తెప్పించుకుంది. 'మృతిచెందిన పాత్రధారి సంతకము' అన్న చోట అడ్డంగా కొట్టేసి, పైన 'చంపినవారి సంతకము' అని రాసి, కింద తన పేరు పెట్టింది. సామాన్ల పెట్టెలో పెళ్ళి సీనుకి తెచ్చిన ఎర్ర కవర్లున్నాయి, అవే తెచ్చారు. ఆవిడ ముందు వింగ్‌సాంగ్ చేతిలో పెట్టబోతే అతను చెయ్యి ముడుచుకున్నాడు.

"నాది ఆఖరు మేడమ్. నాకంటే ముందు పోయినవాళ్ళున్నారు. గురువారం పోయినాయన ఒకరు."

అందరూ వల దగ్గరున్న మనిషి వైపు తిరిగారు. పింగ్ బాబాయ్ వల పక్కన పెట్టాడు. మెల్లగా నడుచుకుంటూ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, ఖాళీగా ఉన్న చోటు చూసుకుని ఎడమ పక్కకి ఒరిగి పడుకున్నాడు. నోరు కాస్త తెరిచాడు. కుడిచెయ్యి పొట్ట కింద పెట్టుకోలేదు, బయటికి చాపాడు. ముప్పై ఏళ్ళ పని అది, జాలరి బట్టల్లో ఉన్నా నిమిషంలో చచ్చిపోయాడు.

యిప్ మేడమ్ వంగి, రెండు చేతులతో ఆ కవరు ఆయన అరచేతిలో పెట్టింది. "లేవండి పెద్దాయనా" అంది. ఆయన లేవడానికి భుజం పట్టుకుంది కూడా.

పింగ్ బాబాయ్ లేచాడు. లేచి, నిలబడి, ఒక పెద్ద ఊపిరి తీసుకున్నాడు. వింగ్‌సాంగ్ పడుకునే చూశాడు అదంతా. గుండెల మీది బండరాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. తన వంతు వచ్చేదాకా అలాగే ఆకాశం చూస్తూ పడుకున్నాడు. ఎన్నాళ్ళకో అంత హాయిగా చచ్చాడు.

పడవ రేవుకి ఆనేసరికి మూడు నిమిషాల వెలుతురు మిగిలింది. ఆ మూడు నిమిషాల్లోనే షాట్ అయిపోయింది.

రంగు కడుక్కుని వస్తుంటే యిప్ మేడమ్ ఎదురుపడింది. "సోమవారం పదింటికండీ, మర్చిపోకండి."

"సోమవారం కుదరదు మేడమ్" అన్నాడు వింగ్‌సాంగ్. అన్నాక గానీ అన్నానని తెలియలేదు. "పొద్దున్నే పింగ్ బాబాయ్‌తో ఆసుపత్రికి వెళ్ళాలి. మంగళవారం ఆపరేషన్. బుధవారం వస్తాను."

ఆవిడ బాబాయ్ వైపు చూసి, "బుధవారమే రండి, ఏం పర్లేదు" అంది. బాబాయ్ కాదనలేదు, ఔననలేదు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండిపోయాడు.

రేవు నుంచి బస్సు దాకా సన్నటి సందు. ఇటు చేపల తొట్లు, అటు దుకాణాలు. అనుచరులందరూ కవర్లు ఖర్చు పెట్టడానికి అక్కడే ఎగబడ్డారు. ఒకడు ఆల్చిప్పల కూర తింటున్నాడు, ఇంకొకడు లాటరీ టికెట్టు కొంటున్నాడు. వింగ్‌సాంగ్ తన దానితో ఒక చేప కొన్నాడు. రేపు బజారుకి వెళ్ళే పని లేదని, చేపలావిడకి తిట్టడానికి మనిషి దొరకడని అనుకుని నవ్వుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే బాబాయ్ కనపడలేదు. గబగబా వెనక్కి నడిచాడు.

నాలుగు దుకాణాల వెనక, ఒక రబ్బరు చెప్పుల కొట్టు ముందు, బాబాయ్ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమకాలికి నీలం చెప్పు తొడిగి, వేళ్ళు ఆడించి చూసుకుంటున్నాడు. పక్కన ఒక కొత్త తువ్వాలు, పళ్ళ బ్రష్షు పెట్టి ఉన్నాయి.

"సరిగ్గా సరిపోయింది తాతా, ఇదే తీసుకో" అంటోంది కొట్టు మనిషి.

"వద్దమ్మా. ఒక సైజు పెద్దవి ఇవ్వు" అన్నాడు పింగ్ బాబాయ్. "ఆపరేషన్ తర్వాత కాళ్ళు వాస్తాయంట."

ఆవిడ లోపలికి వెళ్ళి పెద్దవి వెతకడం మొదలుపెట్టింది. వింగ్‌సాంగ్ చేప సంచి కింద పెట్టి, పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు.